ముందు చక్రం మీద గ్లాసెడు నూనె

మేస్త్రి గారు కళ్ళు మూసుకున్నారు. ఎడమచేత్తో క్రోమ్ పైపును ఒళ్ళో ఆనించుకుని, కుడిచేతి బొటనవేలి గోరును పైనుంచి కిందికి నెమ్మదిగా జార్చుకుంటూ వస్తున్నారు. జానెడు దూరం జారాక గోరు ఆగింది. అదే చోట ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఆడించి, "ఇదిగోనండి, దొంగ ఇక్కడున్నాడు" అని సుద్దముక్కతో గీత గీశారు. నాకేమీ కనబడలేదు. పైపును వాకిట్లో ఎండకేసి తిప్పితే అప్పుడు కనిపించింది, గసగసంత తుప్పు చుక్క. అద్దంలా మెరిసే పైపు మీద అదొక్కటే మచ్చ. బండి గోతిలో పడ్డ ప్రతిసారీ ఆ చుక్క ఆయిల్ సీలు పెదవిని గీరుతుంది. కొన్నాళ్ళకి పెదవి చీలుతుంది, నూనె కారుతుంది.

"సీలు మార్చి పంపేసేవాళ్ళు బోలెడుమందండి. ఈ చుక్క సంగతి చూడకపోతే కొత్త సీలుకీ అదే గతి" అన్నారు.

సంపాదకులు నన్ను పంపింది దీనికోసం కాదు. మోటారు సైకిళ్ళ ముందు ఫోర్కుల్లో ఎన్ని రకాలున్నాయి, ఏది మంచిది, కుర్రాళ్ళంతా బంగారు రంగు ఫోర్కుల వెంట ఎందుకు పడుతున్నారు, ఇవన్నీ పోల్చి రాయమన్నారు. ఆ పని అమలాపురంలో ఏ షోరూములోనైనా గంటలో అయిపోయేది. నేను మాత్రం రావులపాలెంలో బస్సు దిగి, కాలువ పక్క రోడ్డు పట్టుకుని కొత్తపేట వచ్చేశాను. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసిన మా మావయ్య తన రాజ్‌దూత్‌ను చివరిదాకా ఈ షెడ్డులోనే బాగు చేయించుకున్నాడు. "ముందు చక్రం సంగతి ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదురా" అనేవాడు. నలభై ఏళ్ళ కిందటి ఆ మాట పట్టుకుని వచ్చాను.

కొత్తపేట అంటే విగ్రహాలు. ఇక్కడ తయారైన విగ్రహాలు ఆంధ్రదేశమంతా కూడళ్ళలో నిలబడి ఉన్నాయి. ఆ ఊళ్ళోనే, రేకుల కప్పు కింద, ఇనుప గొట్టం మీద గోరు జారుస్తూ కూర్చున్న ఈ మనిషి చేతిపని కూడా అంత సున్నితమైనదే. కాకపోతే అది ఎక్కడా నిలబడి కనిపించదు. చక్రం మీద దాగి, కిందికీ మీదికీ ఆడుతూ ఉంటుంది.

రెండో కాలు విప్పడం మొదలుపెట్టారు. అందరూ షాకబ్జర్ అనేదాన్ని ఈయన కాలు అంటారు. ఒక్కో కాలులో రెండు గొట్టాలు. పైది క్రోమ్ పైపు, హ్యాండిల్ కింద టీ అనే దిమ్మకి బిగించి ఉంటుంది. కిందిది అల్యూమినియం బాటమ్ కేసు, చక్రాన్ని పట్టుకుని ఉంటుంది. ఒకదానిలో ఒకటి దూరి జారుతుంటాయి. లోపల పొడవాటి స్ప్రింగు, చిల్లులున్న ఒక సన్నని గొట్టం, గ్లాసెడు నూనె. అంతే సామాను. బాటమ్ కేసు అడుగున అలెన్ బోల్టు ఉంటుంది. దాన్ని తిప్పితే లోపలి గొట్టం కూడా దానితోపాటే తిరుగుతుంది గనక అది ఊడి రాదు. లోపలిదాన్ని కదలకుండా పట్టుకోడానికి కంపెనీవాళ్ళకి ప్రత్యేకమైన పనిముట్టు ఉంటుంది. మేస్త్రి గారి దగ్గర సరుగుడు కర్ర ఉంది. మూరన్నర పొడవు, కొస పెన్సిలులా చెక్కి ఉంది, నూనె పీల్చి పీల్చి నల్లబడింది. దాన్ని పైనుంచి గొట్టంలోకి దించి, ఛాతీతో అదిమి, కింద తాళం తిప్పారు. టక్కుమని బోల్టు వదిలింది.

"ఇనుప ముక్క పెడితే లోపల గీతలు పడతాయండి. టేకు పగిలిపోద్ది. సరుగుడైతే కరుచుకుంటాది" అన్నారు. ఆ కర్ర సముద్రపు ఒడ్డు తోటల్లోంచి తెప్పించుకున్నదట.

నూనెను గాజు గ్లాసులోకి వంచారు. బూడిద రంగులో ఉంది, అడుగున మెరుపు పొడి. గ్లాసును వెలుతురుకి పట్టుకుని దాంట్లో బండి చరిత్ర చదివారు. మెరుపు పొడి ఉంటే గొట్టాల మధ్య బుష్ అరిగింది. నల్లగా ఉంటే ఏళ్ళ తరబడి నూనె మార్చలేదు. పాలు పోసిన టీలా ఉంటే నీళ్ళు చేరాయి. 2022 జూలైలో గోదావరి పొంగి లంక గ్రామాలు మునిగినప్పుడు ఇళ్ళ ముందున్న బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. నీరు తీశాక జనం ఇంజను విప్పించుకున్నారు, ఆయిలు మార్పించుకున్నారు, బండి స్టార్టయిందని సంతోషించారు. ముందు కాళ్ళలోకి చేరిన నీళ్ళ మాట ఎవరికీ తట్టలేదు. ఆర్నెల్ల తర్వాత ఒక్కొక్కటే ఈ షెడ్డుకి వచ్చాయి, లోపల స్ప్రింగు తుప్పుపట్టి. "ఇంజను చెడితే బండి ఆగిపోద్దండి, అందుకని తెలుస్తాది. ఇది చెడినా బండి నడుస్తానే ఉంటాది. అదేనండి దీంతో ప్రమాదం."

నేను విన్నవాటిలో అన్నిటికన్నా విలువైన మాట అది. ముందు బ్రేకు పట్టినప్పుడు బరువంతా ముందుకు వచ్చి పడుతుంది. ఆ బరువును నెమ్మదిగా అందుకుని, టైరును నేలకి అదిమి ఉంచాల్సింది ఈ గ్లాసెడు నూనే. అది కారిపోతే స్ప్రింగు ఒక్కటీ బంతిలా ఎగురుతుంది, టైరు రోడ్డు మీద గెంతుతుంది, గెంతే టైరు బ్రేకు మాట వినదు. సైకిలు టైరులో గాలి తగ్గితే గుర్తుపట్టే మనం, ముందు కాలులో నూనె తగ్గితే గుర్తుపట్టం. ఎందుకంటే అది రోజుకో చుక్క చొప్పున పోతుంది, మన చేతులు ఆ లోటుకి రోజూ కొంచెం కొంచెం అలవాటు పడిపోతాయి.

చిల్లుల గొట్టాన్ని నా చేతికిచ్చారు. పెన్ను మందాన రెండు మూడు రంధ్రాలు, అంతే. మొత్తం కిటుకు అక్కడే ఉంది. చక్రం పైకి లేచినప్పుడు నూనె ఆ రంధ్రాల్లోంచి దూరి వెళ్ళాలి. ఇంజెక్షన్ సిరంజిని నెమ్మదిగా నొక్కితే మందు హాయిగా పోతుంది, ఒక్కసారిగా నొక్కితే ఎదురు తిరుగుతుంది. ఇదీ అంతే. వేగం రెట్టింపయితే ఎదురు నాలుగింతలవుతుంది. అందుకే మామూలు గుంటల మీద మెత్తగా నడిచే ఈ రకం ఫోర్కు, నిటారుగా కట్టిన స్పీడ్ బ్రేకరు మీదికి వేగంగా వెళ్ళినప్పుడు రాయిలా బిగుసుకుపోయి మణికట్టుకి దెబ్బ కొడుతుంది. ఖరీదైన బళ్ళలో ఈ రంధ్రాల బదులు కార్ట్రిడ్జి ఉంటుంది. పల్చటి ఉక్కు బిళ్ళలు దొంతరగా పేర్చి ఉంటాయి, దెబ్బ గట్టిదైతే అవి వంగి నూనెకు దారి ఇస్తాయి. ఆ తేడా డబ్బు తేడా.

అయితే తప్పంతా ఫోర్కుదేనా? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతల్లో స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, నున్నగా లేచి నున్నగా దిగాలి. కొత్తపేట నుంచి రాజోలు దాకా ఏ ఊళ్ళోనైనా వీధి వీధికీ కనబడేవి మూరెడు వెడల్పు సిమెంటు గట్లు. రాత్రికి రాత్రి పోసినవి, రంగు వేయనివి, బోర్డు పెట్టనివి. ఇంటిముందు పిల్లలు ఆడుకుంటారన్న భయంతోనే పోస్తారు, ఆ భయాన్ని నేను కాదనను. కానీ కొలతకి కట్టిన గట్టు బండిని నెమ్మదింపజేస్తుంది, కొలత లేని గట్టు మనిషిని పడదోస్తుంది. ఆ పడ్డవాళ్ళ ఫోర్కులే ఈ షెడ్డు గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. అవి చూస్తుంటే నాకు కోపం ఆగలేదు.

ఆ వరస చివర, గోనెపట్టా కింద, మా మావయ్య బండిలాంటిదే ఒక రాజ్‌దూత్ ఉంది. ఎవరో వదిలేసి వెళ్ళింది. పట్టా తీసి చూపించారు. దీని ముందు కాళ్ళు వేరే జాతి, లింకు ఫోర్కు. గొట్టంలో గొట్టం జారదు. ఫోర్కు అడుగున ముందుకు చాచిన రెండు చేతులు చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, ఆ చేతుల మీద రెండు పక్కలా పొట్టి షాకబ్జర్లు. పోలండ్‌లోని ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 నమూనా తీసుకుని ఎస్కార్ట్స్ కంపెనీ 1960ల్లో మన దగ్గర తయారు చేసిన బండి అది. ఎర్నెస్ట్ ఎర్ల్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1953లో పేటెంటు పొందిన ఈ తరహా ఫోర్కును బీఎండబ్ల్యూ కంపెనీ కూడా 1955 నుంచి 1969 దాకా నమ్ముకుంది.

"మీ మావయ్య గారు వెనకాల రెండు బస్తాల కాయ కట్టుకుని కాలవగట్టు మీద వచ్చేవారండి. ఎదురుగా గేదె అడ్డమొచ్చి బ్రేకు పట్టినా బండి ముక్కు కిందికి కూలేది కాదు. పైగా కొంచెం లేచేది" అన్నారు మేస్త్రి గారు. నిజమే. బ్రేకు పట్టినప్పుడు తిరిగే డ్రమ్ము ఆ చేతుల్ని కిందికి తోస్తుంది, బండి ముక్కు పైకి లేస్తుంది. గొట్టంలో గొట్టం జారే మామూలు టెలిస్కోపిక్ ఫోర్కులో ఈ సుఖం లేదు, బ్రేకు పడితే కూలబడాల్సిందే. పాత బజాజ్ చేతక్‌లో చెయ్యి వెనక్కి చాచి ఉంటుంది గనక అదే బ్రేకు బలం దాన్ని పైకి నెట్టి, ముక్కును ఇంకా కిందికి దించుతుంది. హోండా యాక్టివాలో కూడా 2020లో ఆరో తరం వచ్చేదాకా కింద లింకు ఫోర్కే ఉండేది. అప్పుడే టెలిస్కోపిక్ ఫోర్కూ, 12 అంగుళాల ముందు చక్రమూ వచ్చాయి. చిన్న చక్రం గోతిలో దిగబడుతుంది, పెద్ద చక్రం దాటుతుంది. ఆ మార్పును ఆడవాళ్ళు మెచ్చుకున్నంతగా మగవాళ్ళు గుర్తించలేదని మేస్త్రి గారి అనుభవం. బండి రోజూ నడిపేది వాళ్ళే కదా.

మరి ముక్కు కూలని లింకు ఫోర్కు ఎందుకు పోయింది? ఆయన రాజ్‌దూత్ చెయ్యి కీలు దగ్గర వేలు పెట్టి అటూ ఇటూ ఊపారు. లొడలొడలాడింది. నాలుగు చోట్ల బుష్షులు, నాలుగు చోట్ల గ్రీజు. ఒక్కటి అరిగినా హ్యాండిల్ వణుకుతుంది. బరువెక్కువ, ఖర్చెక్కువ. టెలిస్కోపిక్‌లో కాలుకి రెండు బుష్షులు, ఒక సీలు, కాస్త నూనె. నూనెతో కుదుపును అణిచే టెలిస్కోపిక్ ఫోర్కును కంపెనీ బండి మీద మొదట అమ్మింది బీఎండబ్ల్యూయే, 1935లో, ఆర్12 మీద. ఇరవై ఏళ్ళకి లింకుకి మారిన ఆ కంపెనీ కూడా 1969లో మళ్ళీ టెలిస్కోపిక్‌కే వచ్చింది. 1955లో మద్రాసులో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్టు, 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100, హీరో హోండా సీడీ 100, అన్నీ ఆ దారినే వచ్చాయి. చవగ్గా చెయ్యొచ్చు, ఏ ఊళ్ళోనైనా విప్పొచ్చు. గెలుపు దానిదే అయింది.

మేం మాట్లాడుకుంటుండగా ఒక కుర్రాడు బండి తోసుకుంటూ వచ్చాడు. బంగారు రంగు ఫోర్కులు, ఎడమ కాలు కింద నల్లటి జిడ్డు. డిస్కు మీదికి కూడా నూనె పాకింది. బండి కొని ఏడాది కాలేదు. ఒక సర్వీసు సెంటరులో చూపిస్తే సీలు ఒక్కటీ మార్చం, కాలు మొత్తం మార్చాలన్నారట, పార్టు వచ్చేసరికి నెల పడుతుందన్నారట.

"డబ్బులు కాదు మావయ్యా, నెల్రోజులు బండి లేకపోతే నేను డ్యూటీకెలా వెళ్ళేది? బ్రేకు పడతంటే భయమేస్తంది" అన్నాడు. ఆ గొంతులో విసుగు కంటే దిగులే ఎక్కువగా ఉంది.

"నూనె డిస్కు మీదికొచ్చింది కదరా, భయమెయ్యాలి. ముందు ఆ బండి స్టాండెయ్యి. తిరిగి దాని మీద ఇంటికెళ్ళకు."

అదే అప్‌సైడ్ డౌన్ ఫోర్కు. తలకిందుల ఫోర్కు. లావు గొట్టం పైన, సన్న పైపు కింద. ఎందుకలా? బ్రేకు పట్టినప్పుడు ఫోర్కు అన్నిటికంటే ఎక్కువ వంగేది హ్యాండిల్ కింద, బిగించిన చోట. పడవవాడు గెడను నీళ్ళలో పొడిచి తోస్తున్నప్పుడు లావు మొదలు చేతి వైపు ఉంచుకుంటాడు, సన్న కొస నేలకి పంపుతాడు. అదే లెక్క. బలం పడేచోట లావు ఉంటే ఫోర్కు వంగదు, మలుపులో హ్యాండిల్ చెప్పిన చోటికి చక్రం పోతుంది. 2012లో కేటీఎం డ్యూక్ 200తో ఈ ఫోర్కు మన కుర్రాళ్ళ చేతికొచ్చింది. 2023లో పల్సర్ ఎన్‌ఎస్200కీ వచ్చింది. వేగంగా నడిపేవాడికి ఇది నిజంగా మేలైన వస్తువు. ఆ మాట మేస్త్రి గారు నాలుగుసార్లు చెప్పారు, వస్తువును తక్కువ చెయ్యలేదు.

కానీ తలకిందులు చేసినప్పుడు సీలు కూడా కిందికొస్తుంది. మామూలు ఫోర్కులో నూనె సీలుకి కింద ఉంటుంది, సీలు చీలినా నూనె గభాలున పోదు. ఇక్కడ నూనె సీలు నెత్తిన కూర్చుని ఉంటుంది. చీలితే కాలు మొత్తం ఖాళీ. ఆ కారే నూనె నేరుగా బ్రేకు మీదికి. పైగా మెరిసే పైపు చక్రం పక్కనే ఉంటుంది. మన కాలవగట్ల ఒండ్రుమట్టి, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం దుమ్ము, ఉప్పుగాలి ముందు దాన్నే పలకరిస్తాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు నుంచి వచ్చే బళ్ళ పైపులు చూడగానే ఏ ఊరివో చెప్పేస్తానన్నారు. తుప్పు చుక్కలు అంత దట్టంగా ఉంటాయట.

కాబట్టి ఏది మంచిదని ఎవరైనా నన్నడిగితే, ఏ రోడ్డు మీద, ఎంత బరువుతో, ఎవరి చేతిలో బాగయ్యేది అని తిరిగి అడుగుతాను. హైవే మీద వేగంగా వెళ్ళేవాడికి తలకిందుల ఫోర్కు, దగ్గర్లో దాన్ని విప్పగలిగినవాడుంటే. కాయల బస్తాలు మోసేవాడికి మామూలు టెలిస్కోపిక్, పైపు మీద రబ్బరు బూటుతో. పాత బుల్లెట్ల మీద కనబడే ముడతల రబ్బరు బూటు అందం కోసం పెట్టింది కాదు. దుమ్మూ ఉప్పూ పైపు మీద వాలకుండా ఆపుతుంది. చూడ్డానికి బాగుండదని ఇప్పుడు కుర్రాళ్ళు తీయించేస్తున్నారు. తీయించకండి. నూనె మాత్రం రెండేళ్ళకోసారైనా, వానలకి ముందే, మార్పించండి.

మేస్త్రి గారు కుర్రాడి బండి కాలు విప్పి చూశారు. పైపు నున్నగానే ఉంది. సీలు పెదవిలో ఇసుక రేణువు ఇరుక్కుంది, అంతే. బజారులో వేరే బండి సీలు అదే కొలతకి దొరికింది. దాన్ని నూనెలో తడిపి, పైపు అంచుకి ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీదుగా జార్చారు. అంచు పదును పెదవికి తగలకూడదు. తర్వాత నీళ్ళ పైపు ముక్క ఒకటి తీసి, సీలు మీద నిలబెట్టి, చుట్టూ సమంగా తట్టుకుంటూ దించారు. ఆ దెబ్బల చప్పుడు మారుతూ వచ్చింది. మొదట బోలుగా, తర్వాత బరువుగా, చివరికి గట్టిగా. గట్టి చప్పుడు రాగానే సుత్తి పక్కన పెట్టారు. "కూర్చుంది" అన్నారు. కొలత చెవిలో ఉంది.

తర్వాత నూనె. రెండు కాళ్ళలో మట్టం ఒక్కటే ఉండాలి. ఎక్కువైతే పైన ఉండే గాలికి చోటు చాలదు. ఆ గాలి కూడా స్ప్రింగే, నొక్కేకొద్దీ గట్టిపడుతుంది. చోటు లేని గాలి సీలును తన్నేస్తుంది. బరువు మొయ్యాలని కొందరు చిక్కటి ఇంజనాయిలు పోస్తారు. వరస గుంటల్లో అది స్ప్రింగును తిరిగి లేవనివ్వదు, గుంట గుంటకీ ఫోర్కు కిందికి దిగిపోతూ చివరికి ఆడడమే మానేస్తుంది. బిగింపు కూడా చూశాను. బోల్టులు వదులుగా ఉంచి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను పదిసార్లు గట్టిగా అదిమారు. రెండు కాళ్ళూ ఒకదానికొకటి సర్దుకున్నాక అప్పుడు బిగించారు.

ఇదంతా ఎవరికి నేర్పారని అడిగాను. చేతికింద పనిచేసిన కుర్రాళ్ళు ఐదుగురు. ముగ్గురు కువైట్లో, ఒకడు దుబాయిలో. ఒకడు ఇక్కడే ఉన్నాడు గానీ సెల్లు షాపు పెట్టుకున్నాడు. వాళ్ళ మీద నాకు కంప్లయింటు లేదు. పూట గడవని పనిని నిలబెట్టమని ఎవర్నీ అడగలేం. నా కంప్లయింటు మన మీదే. కోనసీమ కొబ్బరి మీద, వంట మీద, పండగల మీద ఎన్నో రాసుకున్నాం. రోజూ మన పిల్లల ప్రాణం వేలాడే ఈ పని మీద తెలుగులో ఒక్క చిన్న పుస్తకం ఇంతవరకూ నా చేతికి రాలేదు. తెలిసినవాడు పోతే తెలివి కూడా పోతుంది. ఆ తర్వాత మిగిలేది కాలు మొత్తం మార్చాలన్న సమాధానం ఒక్కటే.

పుస్తకం లేదు గానీ గోడ ఉంది. షెడ్డు వెనక గోడ మీద ఎర్ర రంగుతో బళ్ళ పేర్లు, వాటి ఎదురుగా అంకెలు. ఏ బండికి ఎంత నూనె, ఏ చిక్కదనం, పైనుంచి ఎంత ఖాళీ ఉంచాలి. ముప్పై ఏళ్ళుగా ఒక్కొక్క పంక్తే చేరుస్తూ వచ్చారట. కింది పంక్తులు వరదనీటి మరకలో సగం చెరిగాయి. కుర్రాడి బండి వెళ్ళిపోయాక నేను నోటు పుస్తకం తీసి ఆ గోడను ఎక్కించుకోవడం మొదలుపెట్టాను. చెరిగినవి ఆయన నోటితో చెప్పారు. దీపం పెట్టే వేళైంది. చివరి పంక్తి రాసి పుస్తకం మూయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

"ఖాళీ ఎంతన్నది రాశారు గానీ, స్ప్రింగు తీసేసి, పైపును అడుగుదాకా దించి కొలవాలని రాయలేదండి. అది రాయకపోతే ఈ లెక్కలేవీ పనికిరావు."

మొదటి పేజీకి వెళ్ళి, అన్నిటికన్నా పైన, ఆ మాట రాశాను.